రంజీలో పరుగుల మూట కట్టినోడికి టెస్టు టీమ్‌లో చోటు ఇవ్వాల్సిందేనా?

థర్డ్‌మ్యాన్_72 (థ్రెడ్ మొదలెట్టింది)

2025 నవంబర్‌లో దక్షిణాఫ్రికా చేతిలో తగిలిన గువాహటి దెబ్బ తర్వాత నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, ఐపీఎల్ చూసి టెస్టు టీమ్ కడితే ఇంతే, రంజీ ఆడేవాళ్లని తీసుకోండి అని. కోపం రావడంలో తప్పు లేదు లెండి, 408 పరుగుల తేడాతో ఓడాం, పరుగుల లెక్కలో మన టెస్టు చరిత్రలోనే ఇంతకన్నా పెద్ద ఓటమి లేదు, దానికి ముందు కోల్‌కతాలో 124 కొట్టమంటే 93కి చాప చుట్టేశాం, ఏడాది కింద న్యూజిలాండ్ వాళ్లు ఇక్కడికే వచ్చి 3-0 కొట్టి పోయారు.

కానీ రంజీ పరుగులు అంటున్నారే, ఏ పరుగులు? 2018-19లో సిక్కిం తరఫున మిలింద్ కుమార్ 1331 కొట్టాడు. అదే సీజన్లో బీహార్ స్పిన్నర్ అశుతోష్ అమన్ 68 వికెట్లు తీసి బేడీ గారి 64 రికార్డు దాటేశాడు. ఇద్దరూ ఆడింది ప్లేట్ గ్రూపులో, అంటే బలహీన టీములుండే కింది అంచెలో. మిలింద్ ఆ తర్వాత అమెరికా వెళ్లి ఆ దేశం టీమ్‌కి ఆడుతున్నాడు. అప్పట్లో ఎవరన్నా ఆ 1331 చూసి వీణ్ని టీమిండియాలోకి తీసుకోండి అని గొడవ చేశారా? చేయలేదు. అంటే ఉత్త అంకెలు చాలవని మనందరికీ లోపల తెలుసు, మనకి నచ్చినవాడి విషయంలోనే మర్చిపోతాం.

నా మాట చెప్తా, తిట్టుకోండి పర్లేదు. సెలక్టర్లు డొమెస్టిక్ చూడట్లేదన్నది సగమే నిజం. చూస్తారు. కానీ ఏం చూస్తున్నారో ఆడేవాడికి చెప్పరు, పైగా వాడు కిందా మీదా పడి లోపలికి వచ్చాక ఐపీఎల్ దారిలో వచ్చినవాడికి ఇచ్చినంత టైం ఇవ్వరు. నాకు అసలు మంట ఈ రెండో దాని మీద.

-----

లెగ్‌స్లిప్

సర్ఫరాజ్ థ్రెడ్ అని నేరుగా పెట్టేస్తే పోయేదిగా గురూ, ఇంత ఉపోద్ఘాతం ఎందుకు

-----

ఉప్పల్_ఎండ

సర్ఫరాజ్ ముచ్చట తియ్యకుండ సెలక్షన్ గురించి ఎట్ల మాట్లాడ్తమన్నా. 2019-20ల 928 పరుగులు, సగటు 154. 2021-22ల 982, సగటు 122. ఇదేం ప్లేట్ గ్రూపు గాదు, ముంబై టీమ్. గిన్ని కొట్టినంక గూడ 2023 ఫిబ్రవరిల నాగ్‌పూర్ టెస్టుకు ఎవర్ని ఆడిపిచ్చిన్రు? సూర్యని. టీ20 ఫామ్ జూసి. 8 కొట్టిండు, గదే ఫస్టు టెస్టు, గదే లాస్టు టెస్టు.

సర్ఫరాజ్‌కు ఛాన్సొచ్చింది ఇంకో ఏడాదికి, రాజ్‌కోట్‌ల. 62, 68 నాటౌట్. ఆ 62 గూడ రనౌట్, జడేజా పిలిచి వెనక్కు పంపిండు, లేకపోతే సెంచరీ ఉండె. ఆ ఏడాదే బెంగళూరుల న్యూజిలాండ్ మీద 150. తర్వాతి రెండు టెస్టులు పుణెల, ముంబైల పరుగులు జెయ్యలే, ఒప్పుకుంట. కని ఆ రెండు టెస్టులల ఎవడు సక్కగ ఆడిండు చెప్పున్రి? మొత్తం టీమే మునిగింది. ఆస్ట్రేలియాకు తీస్కపోయి ఒక్క మ్యాచ్ ఆడియ్యలే, ఇంగ్లండ్ టెస్టులకు అసలే తీస్కపోలే, మొన్న దక్షిణాఫ్రికా ఏ మీద ఆడిన ఇండియా ఏ (టీమిండియా కింది అంచె) టీమ్‌ల గూడ పేరు లేదు. ఇండియా ఏల గూడ లేదంటే ఇగ రంజీల ఎన్ని కొడితే ఏం లాభం, ఎవని కోసం కొట్టాలె?

-----

నైట్‌వాచ్‌మన్

ఉప్పల్ బ్రో, భావోద్వేగం పక్కన పెట్టి ఒక్కసారి రంజీ పాయింట్ల లెక్క చూడండి. గెలిస్తే 6, ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే 7. డ్రా అయితే ఫస్ట్ ఇన్నింగ్స్ లీడ్ వచ్చిన టీమ్‌కి 3, రెండో టీమ్‌కి 1. నాకౌట్లలో అయితే డ్రా అయినా లీడ్ ఉన్నవాడిదే గెలుపు, 2024-25లో విదర్భ కేరళ మీద ఫైనల్ గెలిచింది అలాగేగా. దీనివల్ల ఏమవుతుంది, ఫ్లాట్ వికెట్ దొరికితే పెద్ద టీములు రెండు రోజులు బ్యాటింగే చేస్తాయి, రెండో రోజు మధ్యాహ్నానికి బౌలర్లకి కాళ్లలో సత్తువ ఉండదు, ఫీల్డ్ మొత్తం బౌండరీ దగ్గరికి పోయి ఉంటుంది, అక్కడ 120 మీద ఉన్నవాడు 250కి పోతాడు. అది తప్పని నేననను, టీమ్‌కి కావాల్సింది అదే. కానీ ఆ చివరి 130 పరుగుల్లో టెస్టు క్రికెట్‌కి పనికొచ్చే సమాచారం ఎంతుంది?

ఇంకోటి, సర్ఫరాజ్ అవుటైనప్పుడు ఎలా అవుటవుతున్నాడో కూడా చూడాలి, బౌన్స్ ఉన్నచోట కొత్త బంతి ముందు ఇబ్బంది ఉంది. బరువు గురించి మాట్లాడేవాళ్లతో మాత్రం నాకు పేచీ, అంత సన్నగా ఉండేవాళ్లే కావాలంటే ఫ్యాషన్ షోకి పోయి తెచ్చుకోమని గవాస్కర్ అప్పుడే అన్నాడు.

-----

స్కోర్‌బుక్

బాబూ నైట్‌వాచ్‌మన్, నువ్వు చెప్పిన పాయింట్ల లెక్క కరెక్టే. కానీ పెద్ద స్కోర్లకి విలువ లేదంటే మన లక్ష్మణ్ ఏమవ్వాలి?

కుర్రాళ్లకి గుర్తుండదు గానీ 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టాడు, ఓపెనర్‌గా. అందరూ ఇక స్థిరపడ్డాడనుకున్నారు, మళ్లీ చోటు పోయింది, ఇక ఓపెనింగ్ చెయ్యనని తేల్చి చెప్పేసి డొమెస్టిక్‌లో మిడిలార్డర్‌లో ఆడుకున్నాడు. ఆ 1999-2000 రంజీ సీజన్లో 1415 పరుగులు, 8 సెంచరీలు. సెమీస్‌లో కర్ణాటక మీద 353. ఎవరి మీద, ఎక్కడ? బెంగళూరులో, టెస్టు స్థాయి బౌలర్లున్న టీమ్ మీద, ప్లేట్ గ్రూపులో కాదు. ఆ మరుసటి ఏడాది మార్చిలో ఈడెన్‌లో 281 వచ్చింది. ఆ 281లో కనపడ్డ ఓపిక అప్పటికప్పుడు రాలేదయ్యా, రెండు రోజులు నిలబడి ఆడటం అనేది అలవాటుతో వచ్చేది, ఆ అలవాటు ఎక్కడ అయ్యింది మరి. నువ్వు చివరి 130 పరుగుల్లో సమాచారం లేదంటున్నావు, నేను ఆ 130 లోనే సమాచారం ఉందంటాను. అలసిపోయాక కూడా వికెట్ పారేసుకోలేదు అన్నది సమాచారం కాదా.

అలాగని డొమెస్టిక్‌లో కొట్టిన ప్రతివాడికీ చోటు దొరికిన కాలం మన దేశంలో ఎప్పుడూ లేదు, ఇప్పుడేదో అన్యాయం మొదలైనట్టు మాట్లాడటం కూడా తప్పే. రాజీందర్ గోయెల్ రంజీలో 637 వికెట్లు, శివాల్కర్ ఫస్ట్ క్లాస్‌లో 589, ఇద్దరికీ ఒక్క టెస్టు లేదు, ఎందుకంటే అదే ఎడమ చేత్తో బేడీ వేస్తున్నాడు. అమోల్ మజుందార్ పదకొండు వేల పైచిలుకు పరుగులు, 30 సెంచరీలు, కెరీర్ చివర్లో మన ఆంధ్రకి కూడా ఆడాడు, టీమిండియా క్యాప్ లేదు. ఎందుకు? మిడిలార్డర్‌లో సచిన్, ద్రవిడ్, గంగూలీ, లక్ష్మణ్. అక్కడ సెలక్టర్‌ని తిట్టి ఏం లాభం.

-----

పాయింట్_ఫీల్డర్

మజుందార్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆటగాడిగా క్యాప్ లేదు గానీ 2025 నవంబర్ 2న నవీ ముంబైలో వరల్డ్ కప్ గెలిచిన అమ్మాయిల టీమ్‌కి కోచ్ ఆయనే. ఈ థ్రెడ్లో మగవాళ్ల క్రికెట్టే ఉంది, అమ్మాయిల సెలక్షన్ చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. సెమీస్‌కి ముందు ప్రతీకా రావల్‌కి దెబ్బ తగిలితే షఫాలీని పిలిచారు, అప్పటికి ఆమె స్టాండ్‌బై లిస్టులో కూడా లేదు, హర్యానా తరఫున దేశవాళీ టీ20లు ఆడుకుంటోంది. ఫైనల్లో 87 కొట్టి రెండు వికెట్లు తీసింది. కడప అమ్మాయి శ్రీచరణి 2025 ఏప్రిల్‌లో డెబ్యూ చేసి అదే ఏడాది వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీసింది. ఎక్కువమంది ఆమెని మొదట చూసింది డబ్ల్యూపీఎల్‌లోనే, అంటే అమ్మాయిల ఐపీఎల్‌లో.

నేననేదేంటంటే లీగ్ వల్ల వచ్చారు కాబట్టి దొడ్డిదారి అనడం సరికాదు. కడప లాంటి చోట నుంచి వచ్చే అమ్మాయికి టీవీలో కనపడే దారి అదొక్కటే మరి.

-----

మిర్చియార్డ్

2019 వరల్డ్ కప్, రాయుడు, త్రీడీ కళ్లద్దాలు. రాయుడిని వదిలేసి విజయ్ శంకర్‌ని త్రీ డైమెన్షనల్ ఆటగాడని తీసుకుంటే, మ్యాచ్‌లు చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీట్ చేశాడుగా. ఇంకేం రాయను. ఆ చీఫ్ సెలక్టర్ కూడా మా గుంటూరు వాడే, అదింకా మంట

-----

లెగ్‌స్లిప్

@మిర్చియార్డ్ ఇంకేం రాయను అంటూనే ప్రతి థ్రెడ్లో ఇదే రాస్తావ్ మావా

-----

సాగరతీరం

వైజాగ్ నుంచి. నాకు మా ఆంధ్ర టీమ్ సంగతులు చాలు ఈ వాదన మొత్తం చెప్పడానికి.

కేఎస్ భరత్. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్‌కీపర్, 2015లో గోవా మీద 308. ఎన్నేళ్లు టీమ్ వెంట తిరిగాడో, సాహా వెనక, పంత్ వెనక. పంత్‌కి యాక్సిడెంట్ అయ్యాక 2023లో ఛాన్స్ వచ్చింది. 7 టెస్టులు, 221 పరుగులు, సగటు 20. కీపింగ్ బాగా చేశాడు, బ్యాటింగ్ రాలేదు, జురెల్ వచ్చాడు, అయిపోయింది. భరత్ విషయంలో అన్యాయం జరిగిందని నేను అనలేను, మా ఊరివాడైనా సరే.

రికీ భుయ్. 2023-24 రంజీలో దేశం మొత్తం మీద టాప్ స్కోరర్, 902 పరుగులు, సగటు 75. ప్లేట్ కాదు, ఎలైట్. టెస్టు స్క్వాడ్ దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరన్నా చెప్పారా అంటే లేదు. వయసా, టెక్నిక్కా, ఇంకేదన్నానా? ఇక్కడ మాత్రం థర్డ్‌మ్యాన్ గారి మాటే నా మాట.

ఇప్పుడు నితీశ్ రెడ్డి. టెస్టుల్లోకి వచ్చేనాటికి ఫస్ట్ క్లాస్ బ్యాటింగ్ సగటు 21 దగ్గర. మీ అందరి లెక్క ప్రకారం వాణ్ని పెర్త్ విమానం ఎక్కించకూడదు. ఎక్కించారు, మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు, వాళ్ల నాన్న స్టాండ్స్‌లో ఏడుస్తుంటే టీవీ ముందు మా ఇంట్లో అందరం ఏడ్చాం. సెలక్టర్లకి కావాల్సింది పేస్ వేస్తూ బ్యాటింగ్ చేసేవాడు, అలాంటివాళ్లు దేశంలో చాలా తక్కువ, కాబట్టి సగటు పక్కనపెట్టి తీసుకున్నారు, అది సరైన నిర్ణయమే. కానీ అదే టీమ్‌లో ఆడే రికీ భుయ్ కళ్లతో చూస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

విహారి గురించి విడిగా రాయాలి. ఫస్ట్ క్లాస్ సగటు 50 దాటినోడు, సిడ్నీలో తొడ పట్టేసినా 161 బంతులాడి 23 నాటౌట్, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. 2022 జూలై ఎడ్జ్‌బాస్టన్ తర్వాత మళ్లీ ఆడలేదు. మణికట్టు విరిగితే ఇండోర్‌లో క్వార్టర్ ఫైనల్ ఎడమ చేతివాటం తిరిగి ఒంటిచేత్తో ఆడాడు. 16 టెస్టుల్లో సగటు 33 అన్నది నిజం, ఎక్కువ విదేశాల్లోనే ఆడించారన్నది కూడా నిజం, ఇంటి పిచ్‌లు వచ్చేసరికి ఎక్స్‌ట్రా బౌలర్ కావాలని పక్కన కూర్చోబెట్టేవాళ్లు.

-----

నైట్‌వాచ్‌మన్

సాగరతీరం గారు, భరత్ గురించి అంత నిజాయితీగా రాసినందుకు దండం. ఈ ఫోరంలో సొంత ఊరివాడి గురించి ఇలా రాసినోణ్ని చూళ్లేదు.

బౌలింగ్‌లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. వినయ్ కుమార్ రంజీలో 400 పైచిలుకు వికెట్లు, కర్ణాటకకి వరసగా టైటిళ్లు తెచ్చిన కెప్టెన్. 2012లో పెర్త్‌లో ఒకే ఒక్క టెస్టు, 13 ఓవర్లలో 73 ఇచ్చాడు, ఒక వికెట్. వార్నర్ ఆడుకున్నాడు. ఇక్కడ నవంబర్ పొద్దున తేమలో ఎస్‌జీ బంతితో 128 స్పీడుకి బంతి కదులుతుంది, కీపర్ దగ్గరికి క్యాచ్ పోతుంది. అదే బంతి ఆస్ట్రేలియాలో వాడే కూకబుర్రాతో పెర్త్‌లో వేస్తే పుల్ షాటే. అంకె నిజమే, అది పుట్టిన చోటు వేరు.

-----

ఉప్పల్_ఎండ

గదే చెప్తున్న బ్రో, మా సిరాజ్‌ను అట్లనే పట్టిన్రు. 2016-17ల హైదరాబాద్‌కు 41 వికెట్లు, సగటు 19 లోపల. వికెట్లొక్కటే గాదు, పాత బంతితోని గూడ గట్టిగ ఏస్తున్నడు అని కనవడ్డది. 2025ల ఓవల్‌ల 6 పరుగులతోని గెలిచినం, ఆ సిరీస్‌ల 23 వికెట్లు. డొమెస్టిక్‌ల సక్కగ సూసి పట్టిన కేసు ఇది.

ఇటు ఇంకో కేసు. మా తన్మయ్ అగర్వాల్ 2024 జనవరిల అరుణాచల్ మీద 147 బంతుల్ల 300 జేసిండు, ఫస్ట్ క్లాస్ చరిత్రల గంత ఫాస్ట్‌గ ఎవ్వడు చెయ్యలే, మొత్తం 366. నేను హైదరాబాదోణ్నే, నేను గూడ దాన్ని జూసి ఇండియా టీమ్‌ల తీస్కోమని అడగ. అప్పుడు హైదరాబాద్ ప్లేట్‌ల ఉండె. మేం ప్లేట్‌ల ఉండుడే సిగ్గుచేటు, అది వేరే ముచ్చట.

-----

స్కోర్‌బుక్

ఒక చిన్న లెక్క చెప్తాను. రంజీలో 38 టీములు. 32 ఎలైట్, 6 ప్లేట్. అంటే ఒక్కో రౌండ్‌లో ఒకేసారి 19 మ్యాచ్‌లు జరుగుతాయి. సీనియర్ సెలక్షన్ కమిటీలో ఎంతమంది? అయిదుగురు. అందరూ ప్రతి రౌండ్ తిరిగినా 14 మ్యాచ్‌లు ఎవరూ చూడరు. లైవ్ వచ్చేది రెండో మూడో. మిగతావన్నీ స్కోర్‌కార్డు, రిఫరీ రిపోర్టు, వాళ్లూ వీళ్లూ ఫోన్లో చెప్పేది. ఐపీఎల్ అయితే ప్రతి బంతీ టీవీలో, స్లో మోషన్‌లో, స్పీడుతో సహా. పక్షపాతం, లాబీయింగ్ అని అంటాం గానీ సగం సంగతి కంటికి కనపడటంలోనే ఉంది.

పైగా రంజీని రెండు ముక్కలు చేశారు, అయిదు మ్యాచ్‌లు ఆడి, మధ్యలో ముస్తాక్ అలీ టీ20లు, విజయ్ హజారే వన్డేలు ఆడి, జనవరిలో మళ్లీ రంజీ. కుర్రాడు నవంబర్‌లో ఎర్రబంతితో మంచి లయలో ఉంటే రెండు నెలలు తెల్లబంతి ఆడించి మళ్లీ రమ్మంటారు. ఫామ్ అనే మాటకి అర్థం ఏముంటుంది ఇక. ఉత్తరాదిలో పొగమంచు వల్ల అలా చేశామంటారు, ఆ కారణం కొట్టిపారేసేది కాదు, ఢిల్లీలో జనవరి ఉదయం బంతి కనపడదు.

-----

థర్డ్‌మ్యాన్_72

స్కోర్‌బుక్ బాబాయ్ గారి 19 మ్యాచ్‌ల లెక్క ఇంతకుముందు నా బుర్రకి తట్టలేదు, బావుంది.

ఇప్పుడు నేను మొదట్లో అన్న రెండో విషయానికి వస్తా, టైం ఇవ్వడం. కరుణ్ నాయర్. 2016 డిసెంబర్‌లో చెన్నైలో 303 నాటౌట్. తర్వాతి టెస్టు హైదరాబాద్‌లో బంగ్లాదేశ్ మీద, రహానే కోలుకుని వచ్చాడని నాయర్ బెంచీ మీద. ప్రపంచంలో ట్రిపుల్ సెంచరీ కొట్టి తర్వాతి మ్యాచ్‌కి కూర్చున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత కర్ణాటకలో కూడా చోటు పోయి, విదర్భ వెళ్లి, 2024-25 విజయ్ హజారేలో 779 పరుగులు, అయిదు సెంచరీలు, సగటు 389.5 (టైపింగ్ మిస్టేక్ కాదు), రంజీలో 863, ఫైనల్లో కేరళ మీద 86, 135. ఎనిమిదేళ్ల తర్వాత ఇంగ్లండ్ టూర్‌కి పిలిచారు.

అక్కడ ఎనిమిది ఇన్నింగ్స్. 0, 20, 31, 26, 40, 14, 57, 17. మొత్తం 205. తర్వాతి సిరీస్‌కి లేడు, ఇంకాస్త ఎక్కువ ఆశించాం అని చీఫ్ సెలక్టర్ అగార్కర్ అన్నాడు. ఆశించడంలో తప్పు లేదు. ఆ ఎనిమిది స్కోర్లు మాత్రం ఒకసారి చూడండి, మొదటి 0 తప్ప ప్రతిసారీ క్రీజులో కుదురుకున్నాడు. ఆడటం రానివాడి స్కోర్లలా లేవు, 20 నుంచి 40 మధ్య ఏదో ఒక బంతికి దొరికిపోయేవాడి స్కోర్లు. పాతికేళ్ల కుర్రాడికి ఇవే స్కోర్లు వస్తే ప్రామిసింగ్ అంటారు, 33 ఏళ్లవాడికి వస్తే అయిపోయింది అంటారు. సాయి సుదర్శన్ ఫస్ట్ క్లాస్ సగటు 40 లోపు, ఐపీఎల్‌లో 759 కొట్టి వచ్చాడు, ఇంగ్లండ్ నుంచి మొదలుపెట్టి గువాహటి దాకా ఛాన్సులు వస్తూనే ఉన్నాయి. కుర్రాడు మంచివాడే, నాకేం కోపం లేదు.

-----

నైట్‌వాచ్‌మన్

ఎనిమిది ఇన్నింగ్స్ అంటే ఛాన్సే సర్. 33 ఏళ్లవాడికి పెట్టే పెట్టుబడి, 23 ఏళ్లవాడికి పెట్టే పెట్టుబడి ఒకటి ఎలా అవుతుంది? కుర్రాడు ఇప్పుడు తడబడినా రేపు పదేళ్లు ఆడతాడు. నాయర్‌ని తెచ్చిందే వచ్చీ రాగానే పరుగులు కావాలని, అవి రాలేదు.

-----

స్కోర్‌బుక్

అయితే మొన్న మనల్ని చుట్టేసిన సైమన్ హార్మర్ వయసెంత బాబూ? 36. 2015లో ఇక్కడికి వచ్చి, ఆ తర్వాత చోటు పోయి, ఎసెక్స్‌కి పోయి ఏళ్ల తరబడి కౌంటీల్లో ఓవర్ల మీద ఓవర్లు వేసుకున్నాడు. రెండు టెస్టుల్లో 17 వికెట్లు. దక్షిణాఫ్రికా వాళ్లు రేపటికి పెట్టుబడి అని లెక్క వేసుకుని ఉంటే ఈ సిరీస్ గెలిచేవాళ్లా.

మన దగ్గర ఆ తొందర ఎందుకంటే వరస కట్టినవాళ్లు ఎక్కువ. చిన్న దేశానికి ఆ సుఖం లేదు, ఉన్నవాణ్ని మళ్లీ పిలవాల్సిందే.

-----

లెగ్‌స్లిప్

హార్మర్ పాయింట్ కొట్టింది. నైట్‌వాచ్‌మన్ బౌల్డ్

-----

నైట్‌వాచ్‌మన్

నోబాల్. స్పిన్నర్లు ముదిరేకొద్దీ బాగుపడతారు, బ్యాట్స్‌మన్ రిఫ్లెక్సులు 33 తర్వాత తగ్గుతాయి, రెండూ ఒకటి కాదు.

సరే, వేరే దేశాలు ఎలా చేస్తున్నాయో చూద్దాం. ఆస్ట్రేలియాలో షీల్డ్ (వాళ్ల రంజీ లాంటిది) టీములు ఆరే. పది మ్యాచ్‌లు ఆడితే ప్రతి రెండో మ్యాచ్‌లో టెస్టు స్థాయి బౌలర్ ఎదురవుతాడు, అందుకే అక్కడ షీల్డ్ అంకెకి బరువుంది. బోలాండ్ ఏళ్ల తరబడి షీల్డ్ ఆడి 32 దాటాక మెల్‌బోర్న్‌లో దిగి 7 పరుగులకి 6 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ పూర్తిగా ఉల్టా, కౌంటీ అంకెలు చూడరు, ఎత్తు, స్పీడు, బంతి వదిలే పాయింటు చూస్తారు. బెథెల్‌కి ఫస్ట్ క్లాస్‌లో ఒక్క సెంచరీ లేకుండానే టెస్టు క్యాప్ ఇచ్చారు. హార్ట్‌లీని కూడా అలాగే పట్టుకొచ్చి మన ఉప్పల్‌లో దింపితే 62కి 7 తీసి మనల్ని 28 పరుగులతో ఓడించాడు.

38 టీముల దేశంలో మనం ఆస్ట్రేలియాలా అంకెల్ని నమ్మలేం. అందుకే మధ్యలో జల్లెడ కావాలి, అదే రంజీలో రాణించినవాళ్లని కలిపి ఆడించే దులీప్ ట్రోఫీ, ఇండియా ఏ టూర్లు. రంజీలో వెయ్యి కొట్టినవాడు దులీప్‌లో సిరాజ్ మీదో ఇంకో మంచి బౌలర్ మీదో ఆడాలి. 2024లో ఏ, బీ, సీ, డీ టీములన్నారు, 2025లో మళ్లీ జోన్లు అన్నారు, ఏటా రూలు మారిస్తే జల్లెడకి చిల్లులే మిగులుతాయి.

-----

ఉప్పల్_ఎండ

దులీప్ అంటున్నవ్ గద, 2025 ఫైనల్ల విదర్భ పిల్లగాడు యశ్ రాథోడ్ 194 కొట్టిండు. అంతకు ముందు రంజీల 960, ఆ సీజన్ టాప్ స్కోరర్. అంటే నీ జల్లెడ గూడ దాటిండు. ఏడున్నడిప్పుడు?

-----

నైట్‌వాచ్‌మన్

దీనికి నా దగ్గర జవాబు లేదు బ్రో. వాడికి వరసలో ముందు చోటే ఉండాలి.

-----

మిర్చియార్డ్

అభిమన్యు ఈశ్వరన్ సంగతో మరి? వందకు పైగా ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, పాతిక దాటి సెంచరీలు, ఇండియా ఏ కెప్టెన్. టూర్ల మీద టూర్లు తిప్పారు, పాస్‌పోర్టులో పేజీలు అయిపోయి ఉంటాయి, క్యాప్ మాత్రం ఇవ్వలేదు. వాడి తర్వాత స్క్వాడ్‌లోకి వచ్చినవాళ్లు వాడి కళ్లముందే డెబ్యూ చేశారు. రాయుడు గురించి నన్ను ఎగతాళి చేస్తారు గానీ ఇది ఇంకా దారుణం.

-----

పాయింట్_ఫీల్డర్

ఎవరూ డబ్బు గురించి మాట్లాడట్లేదేంటి. రంజీలో 40 మ్యాచ్‌లు దాటిన సీనియర్‌కి రోజుకి 60 వేలు. లీగ్ 7 మ్యాచ్‌లు నాలుగేసి రోజులు, క్వార్టర్, సెమీస్, ఫైనల్ అయిదేసి రోజులు, అన్నీ ఆడితే 43 రోజులు, దాదాపు 26 లక్షలు. ఐపీఎల్‌లో క్యాప్ లేని కుర్రాడి కనీస ధర 30 లక్షలు, ఒక్క బంతి వేయకుండా బెంచీ మీద కూర్చున్నా సరే. ఫైనల్ దాకా ఆడిన రంజీ సీనియర్ కన్నా బెంచీ మీద కుర్రాడికి ఎక్కువ. ఇక పద్దెనిమిదేళ్లవాడు పొద్దున్నే నెట్స్‌లో బంతి వదిలేయడం ప్రాక్టీస్ చేస్తాడా, ర్యాంప్ షాట్ చేస్తాడా? సెలక్టర్ల చేతికి వచ్చేసరికే సగం సెలక్షన్ అయిపోయి ఉంటుంది.

-----

సాగరతీరం

పాయింట్ గారు, ఈ లెక్క వేరే గ్రూపుల్లో షేర్ చేసుకుంటున్నా.

2025 జనవరిలో బీసీసీఐ ఏదో పది పాయింట్ల రూలు అని పెద్ద పెద్దవాళ్లందరినీ రంజీకి పంపారు గుర్తుందా. ఢిల్లీలో కోహ్లీ కోసం జనం గేట్లు విరగ్గొట్టేంత వచ్చారు, రైల్వేస్ బౌలర్ సంగ్వాన్ 6కే స్టంపు ఎగరగొట్టాడు, జనం సగం లేచి వెళ్లిపోయారు. రోహిత్ 3, 28, ముంబై జమ్మూ కశ్మీర్ చేతిలో ఓడింది. జడేజా ఒక్కడే సీరియస్‌గా ఆడినట్టు ఢిల్లీ మీద 12 వికెట్లు తీశాడు. ఒక్క మ్యాచ్ ముచ్చటకి వాళ్లు దిగినప్పుడు సీజనంతా ఆడే కుర్రాళ్లు పక్కకి జరగాలి, దానివల్ల డొమెస్టిక్‌కి వచ్చిన లాభం ఏంటో నాకైతే అర్థం కాలేదు. పుజారా మాత్రం వేరు, టీమ్ నుంచి తీసేసిన ప్రతిసారీ ససెక్స్‌కో సౌరాష్ట్రకో పోయి సీజన్ మొత్తం ఆడేవాడు, 2022లో అలాగే తిరిగొచ్చాడు.

-----

మిర్చియార్డ్

షమీ 2025-26 సీజన్లో బెంగాల్‌కి మొదటి రెండు మ్యాచ్‌ల్లో 15 వికెట్లు. నాలుగు రోజుల మ్యాచ్ ఆడగలిగినోణ్ని వన్డే ఎందుకు ఆడలేను అని వాడే అడిగాడు. ఫిట్‌నెస్ అని వీళ్లు, నన్నెవరూ అడగలేదు అని వాడు. థర్డ్‌మ్యాన్ అన్నట్టు ఇక్కడ కూడా ఒక ఫోన్ కాల్ తక్కువైంది అంతే.

-----

మోడరేటర్

షమీ వన్డే చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. సెలక్టర్ల కుటుంబాల మీద రాసిన రెండు కామెంట్లు తీసేశాను, మళ్లీ రాస్తే ఐడీ పోతుంది.

-----

థర్డ్‌మ్యాన్_72

ఇంత చర్చ అయ్యింది కాబట్టి ఒక్క పేరు మీద తేల్చుకుందాం. జమ్మూ కశ్మీర్ పేసర్ ఆకిబ్ నబీ. 2024-25 రంజీలో 44 వికెట్లు, పేసర్లలో అందరికన్నా ఎక్కువ. దులీప్‌లో నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు. స్పీడు పెద్దగా లేదు, రెండు వైపులా స్వింగ్ చేస్తాడు. తీసుకుంటారా లేదా?

-----

ఉప్పల్_ఎండ

తీస్కోవాలె. ఇంకెన్ని వికెట్లు తీయ్యాలె పిల్లగాడు.

-----

నైట్‌వాచ్‌మన్

ఆస్ట్రేలియాకి వద్దు, వినయ్ కుమార్ కథే అవుతుంది. ఇంగ్లండ్‌లో డ్యూక్ బంతితో అయితే నేనే విమానం టికెట్ కొంటా. ముందు ఇండియా ఏతో అక్కడికి పంపి రెండు మ్యాచ్‌లు వేయించాలి.

-----

స్కోర్‌బుక్

పంపేముందు ఆ మాట అబ్బాయికి చెప్పమనండి. నిన్ను ఇంగ్లండ్ కోసం చూస్తున్నాం, నువ్వు పెంచుకోవాల్సింది ఇది అని. ఉనద్కత్ 2010లో సెంచూరియన్‌లో మొదటి టెస్టు ఆడి, 2019-20లో 67 వికెట్లు తీసి సౌరాష్ట్రకి కప్పు తెచ్చి, రెండో టెస్టు 2022 డిసెంబర్‌లో మీర్పూర్‌లో ఆడాడు. పన్నెండేళ్లు. నబీకి అంత టైం లేదు, 2026 నవంబర్‌కి ముప్పై.